చివరి బస్సు లోపే

సూక్ష్మజీవశాస్త్రం చెబుతూ రాయలసీమలోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. అందులో ఎక్కువ కాలం మా ప్రాంతపు సూక్ష్మజీవశాస్త్ర సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. సంఘమంటే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగైదు జిల్లాల డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, యూనివర్సిటీ వాళ్లు, ఆసుపత్రి ల్యాబుల్లోనూ డెయిరీల్లోనూ పనిచేసేవాళ్లు, పీజీ విద్యార్థులు. ఏడాదికొక పెద్ద సభ, వీలైతే మధ్యలో ఒకటి రెండు చిన్నవి. ఆస్తి అంటే ఒక రసీదు పుస్తకం, ఒక రబ్బరు స్టాంపు, ఎప్పుడూ నిండని ఒక బ్యాంకు ఖాతా.

అమెరికాలో బ్యాక్టీరియా శాస్త్రజ్ఞులు 1899లోనే సంఘం పెట్టుకున్నారు. మన దేశంలో అసోసియేషన్ ఆఫ్ మైక్రోబయాలజిస్ట్స్ ఆఫ్ ఇండియా 1938లో పుట్టింది. బ్రిటన్‌లో 1945లో ఏర్పడిన సంఘానికి పెన్సిలిన్ ఫ్లెమింగే మొదటి అధ్యక్షుడు. వాటి చరిత్ర రాయడానికి మనుషులున్నారు. మాలాంటి చిన్న సంఘాల సంగతి మినిట్స్ పుస్తకాల్లోనే ఉండిపోతుంది, ఆ మినిట్స్ రాసేవాళ్లు జరిగినదంతా రాయరు. నేనూ రాయలేదు. ఇప్పుడు కొత్తగా కార్యవర్గంలోకి వస్తున్న పిల్లలు అడుగుతున్నారు కనుక, ఆ పుస్తకంలోకి ఎక్కనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

1. కార్యక్రమ పత్రం వేసే ముందు ఆర్టీసీ టైంటేబుల్ చూడు.

మా తొలి సభల క్రమం మీరు ఊహించగలరు. పది గంటలకని అచ్చువేసి పదకొండున్నరకు జ్యోతి ప్రజ్వలన. ప్రార్థనా గీతం, వేదిక మీదికి ఆహ్వానాలు, పుష్పగుచ్ఛాలు, సావనీర్ ఆవిష్కరణ, ముఖ్య అతిథి ప్రసంగం, ఆయనకంటే తక్కువసేపు మాట్లాడితే చిన్నతనమనుకునే విశిష్ట అతిథి ప్రసంగం. భోజనాలు అయ్యేసరికి మూడు దాటేది. ఆ తర్వాత ఆహ్వానిత ఉపన్యాసాలు. విద్యార్థుల పోస్టర్లు మాత్రం అన్నిటికంటే చివర, సాయంత్రం, వరండాలో. అప్పటికి కదిరి నుంచి, రాయచోటి నుంచి, ఆదోని నుంచి వచ్చిన ఆడపిల్లలు చార్టులు చుట్టుకుని బస్టాండు దారి పట్టేవారు. చీకటి పడకముందే ఇల్లు చేరతామని మాటిచ్చి వచ్చినవాళ్లు వాళ్లు. జడ్జీలు వచ్చేసరికి సగం బోర్డులకు గుండుసూదులు మిగిలేవి. బహుమతులు హాస్టల్లో ఉండే స్థానిక విద్యార్థులకు పోయేవి. “గ్రామీణ కళాశాలల విద్యార్థినులలో పాల్గొనే ఉత్సాహం తక్కువగా ఉన్నది” అని మా కార్యవర్గం అభిప్రాయపడింది. ఆ వాక్యాన్ని మినిట్స్ పుస్తకంలో రాసిన చేయి నాదే. నేనూ ఆడపిల్లగా అలాంటి బస్సులే పట్టుకుని చదువుకున్నదాన్ని. అయినా వేదిక మీద కూర్చున్నాక వరండా కనిపించలేదు.

ఒక ఏడాది కూతురికి తోడుగా వచ్చిన ఒకాయన, తువ్వాలు భుజాన వేసుకుని, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు: “మేడమ్, మా పాప చెప్పేది ఎవరన్నా వింటారా, లేకుంటే మేము పోవాలా?” సమాధానం చెప్పలేకపోయాను. మరుసటి ఏడాది పోస్టర్లు పొద్దున తొమ్మిదిన్నరకే పెట్టాం, ప్రారంభోత్సవాన్ని మధ్యాహ్నానికి నెట్టాం. పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. ఒకరు రాలేదు కూడా. ఆయన రాలేదన్న సంగతి భోజనాల దాకా ఎవరూ గమనించలేదు.

2. ఒక్కరే చూసినది ఇంకా సగమే చూసినట్టు.

మన శాస్త్రానికి మూలపురుషుడు లీవెన్‌హుక్ డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి. యూనివర్సిటీ ముఖం చూడలేదు. ఆనాటి పండితుల భాష లాటిన్ ఆయనకు రాదు. వచ్చిన డచ్చిలోనే లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాసేవాడు. 1676లో, మిరియాలు నానబెట్టిన నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న జీవులు తిరుగుతున్నాయని రాస్తే అక్కడివాళ్లు నమ్మలేదు. ఊరి పెద్దల చేత సాక్ష్య పత్రాలు రాయించి పంపాడు పాపం. అయినా సొసైటీ ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయలేదు. తన మనుషుల చేత అదే ప్రయోగం చేయించింది. మొదట కుదరలేదు. 1677 నవంబరులో రాబర్ట్ హుక్ ఆ జీవుల్ని సభలోనే అందరికీ చూపించాడు. 1680లో ఆ బట్టల వ్యాపారిని సభ్యుడిగా ఎన్నుకున్నారు. ఆయన ఒక్కనాడూ ఆ సభకు వెళ్లింది లేదు.

సంఘమంటే ఏమిటని ఎవరడిగినా నేను ఈ కథే చెప్పేదాన్ని. చెబుతూనే, మా సభలో ఇంగ్లీషు రాని పిల్లల్ని పక్కన పెట్టేదాన్ని. వేరుశనగ పొలాల మట్టిలోంచి ఫాస్ఫేటును కరిగించే బ్యాక్టీరియాను వేరుచేసిన ఒక అమ్మాయి వేదిక మీద రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. ప్లేటు మీద కాలనీ చుట్టూ తెల్లగా వచ్చిన వలయాన్ని చూపుతూ నిలబడిపోయింది. గంట కొట్టించాను, మార్కులు తగ్గించాను. భోజనాల దగ్గర అదే అమ్మాయి తన స్నేహితురాలికి, ఏ పొలంలో ఎరువు వేశారో, ఏ పొలంలో వేయలేదో, వలయం ఎక్కడ ఎంత వెడల్పు వచ్చిందో, ఎందుకని తను అనుకుంటోందో తెలుగులో గడగడా చెబుతుంటే వెనక కూర్చుని విన్నాను. లేచి వెళ్లి మాట్లాడి ఉండవలసింది. జడ్జిని కదా, పద్ధతి కాదనుకున్నాను. తర్వాత కొన్నేళ్లకు, ప్రశ్నలకు జవాబులు తెలుగులో చెప్పవచ్చని నియమం మార్చాం. ఆ అమ్మాయి అప్పటికి బ్యాంకు ఉద్యోగంలో ఉందని విన్నాను.

3. తిరస్కరించే ముందు మరోసారి చదువు.

1983లో పెర్త్ నగరంలోని ఒక యువ వైద్యుడు, బ్యారీ మార్షల్, మనిషి కడుపులో బ్యాక్టీరియా బతుకుతోందని, అల్సర్లకు దానికీ సంబంధం ఉందని సారాంశం రాసి, ఆస్ట్రేలియా జీర్ణకోశ వైద్యుల సభకు పంపాడు. వచ్చిన సారాంశాలు 67, తీసుకున్నవి 56. ఆయనది మిగిలిన పదకొండులో ఉంది. ఆ బ్యాక్టీరియా ల్యాబులో మొదట పెరిగిన తీరు కూడా చూడండి. మామూలుగా రెండు రోజులకే పారేసే ప్లేట్లు, 1982 ఈస్టర్ సెలవుల వల్ల ఇంక్యుబేటర్‌లో అలాగే ఉండిపోయాయి, సెలవుల తర్వాత చూస్తే కాలనీలు! జీర్ణకోశ వైద్యులు వద్దన్న ఆ పనిని 1983లోనే బ్రస్సెల్స్‌లో క్యాంపిలోబ్యాక్టర్ మీద పనిచేసేవాళ్ల చిన్న సదస్సు విన్నది. 2005లో మార్షల్‌కు, ఆయన సహచరుడు రాబిన్ వారెన్‌కు నోబెల్ వచ్చింది. పెద్ద సభలో చోటు దొరకని మాటకు చిన్న సభ చెవి ఒగ్గిందన్నది మాలాంటి వాళ్లకు ఊరటే. కానీ ఆ ఊరట పొందే అర్హత నాకు లేదు.

మా సారాంశాల కమిటీకి ఒక చిన్న కాలేజీ లెక్చరర్ నుంచి చేతిరాతతో ఒక కాగితం వచ్చింది. తన ఊరి పాల సేకరణ కేంద్రంలో పాల నాణ్యతను మిథిలీన్ బ్లూ పరీక్షతో ఏడాది పొడవునా చూశాడు. ఏ నెలలో నీలిరంగు ఎంత త్వరగా వెలిసిపోయిందో, క్యాన్లు కడిగే నీళ్లు మారిన వారంలో ఏమైందో పట్టిక వేశాడు. పరీక్ష పాతది, ఇంగ్లీషు తప్పులతడక, ఫార్మాట్ మేమిచ్చింది కాదు. “కొత్తదనం లేదు” అని మార్జిన్‌లో రాసి పక్కన పెట్టాను. ఒక ఊరి పాలను ఏడాదంతా విడవకుండా పరీక్షించినవాడు మా సంఘంలో మరొకడు లేడన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఆ ఏడాది మేము అంగీకరించిన వాటిలో చాలా భాగం, వేపాకు రసం ఫలానా బ్యాక్టీరియాను ఆపుతుందా అనే రకం. వేపాకు, తులసి, పసుపు. వాటి వరుస మా సభల్లో ఇప్పటికీ తెగలేదనుకోండి. ఆ లెక్చరర్ మళ్లీ ఏదీ పంపలేదు.

4. ప్రశ్న గట్టిగా ఉండవచ్చు, గొంతు గట్టిగా ఉండనవసరం లేదు.

1946లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో జాషువా లెడర్‌బర్గ్ అనే కుర్రవాడు, బ్యాక్టీరియాలోనూ జన్యువులు ఒకదాన్నుంచి మరొకదానికి చేరి కలుస్తాయని చెప్పాడు. వయసు ఇరవై ఒకటి. సభలో ఆంద్రే ల్వోఫ్ వంటి ఉద్దండుడు లేచి, అది జన్యువుల కలయికేనా, లేక రెండు రకాల బ్యాక్టీరియా పక్కపక్కన ఉండి ఒకదానికొకటి ఆహారం అందించుకుంటున్నాయా అని పట్టుబట్టాడు. వాదన చాలాసేపు సాగింది. చివరికి మాక్స్ జెల్లీ అనే ఆయన, ఒక్కొక్క కణాన్ని విడదీసి పెంచి చూస్తే తేలిపోతుంది, అందుకు నేను సాయం చేస్తానన్నాడు. పన్నెండేళ్ల తర్వాత, 1958లో, లెడర్‌బర్గ్ నోబెల్ అందుకున్నాడు.

ఈ కథలో నాకు ఇష్టమైన మనిషి జెల్లీ. మా సభల్లో ల్వోఫ్‌లకు కొదవ లేదు. జెల్లీలే దొరకరు. పీజీ పిల్లవాడిని నిలబెట్టి “మీ గైడ్ ఎవరయ్యా?” అని అడిగే సీనియర్లను చూశాను. ఆ ప్రశ్న పిల్లవాడికి వేసింది కాదు, హాల్లో వెనక వరుసలో ఉన్న గైడుకు వేసింది. రెండు డిపార్టుమెంట్ల పాత తగాదాలు ఒక పిల్లవాడి స్లైడు మీద తీరుతుంటే, ఛైర్‌పర్సన్ కుర్చీలో కూర్చుని గడియారం చూసుకున్న రోజులు నాకున్నాయి. ఆపవలసింది నేనే. “ప్రశ్న కాదు గానీ, ఒక చిన్న వ్యాఖ్య” అని మొదలుపెట్టి తమ 1980ల నాటి పీహెచ్‌డీ మొత్తం చెప్పుకొచ్చేవాళ్లది మరో తెగ. వాళ్లు ఎవరికీ హాని చేయరు, టీ మాత్రం చల్లారిపోతుంది.

కార్యవర్గంలోకి వచ్చేవాళ్లకు ఒక్క సూచన. మొదటి రెండు ప్రశ్నలు విద్యార్థులే అడగాలని నియమం పెట్టండి. మొదట్లో ఇబ్బందిగా నిశ్శబ్దం వస్తుంది, భరించండి. ఏం అడగాలో తెలియని పిల్లలకు నేను ఒకే ప్రశ్న నేర్పేదాన్ని: “మీ కంట్రోల్ ఏది?” అంటే, పోల్చి చూడడానికి మార్పేమీ చేయకుండా పెట్టుకున్నది ఏది అని. ఆ ప్రశ్న ఏ ప్రయోగానికైనా పనికొస్తుంది. అడగడం నేర్చుకున్నవాడు మరుసటి ఏడాది తన పోస్టర్‌లో కంట్రోల్ పెట్టుకుని వస్తాడు.

5. చేతిపని తెలిసినవాడిని వేదిక ఎక్కించు.

ప్లేటులో బ్యాక్టీరియాను పెంచడానికి మనం వాడే అగార్ ఒక ఇల్లాలి సలహా. 1880ల మొదట్లో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్తర్ హెస్సే, వేసవిలో జిలాటిన్ కరిగిపోతోందని తల పట్టుకుంటే, ఆయన భార్య ఫానీ, తన వంటింట్లో జెల్లీలు ఎండలోనూ గట్టిగా నిలబడే కిటుకు చెప్పింది. జావాలో ఉండి వచ్చిన పొరుగువారి దగ్గర ఆమె నేర్చుకున్న సంగతి అది. అగార్ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి. ఒకసారి గడ్డకడితే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో కదలదు. 1882లో కాక్ క్షయ బ్యాక్టీరియా మీద రాసిన పత్రంలో అగార్ మాట ఉంది, హెస్సే దంపతుల పేరు లేదు.

మా వైపు వేసవి సంగతి వేరు. చాలా కాలేజీల్లో ఉన్న పాత ఇంక్యుబేటర్లకు వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. మే నెలలో గదిలోనే 41 డిగ్రీలుంటే డయల్ 37 దగ్గర పెట్టి ఏం లాభం? అలా వచ్చిన ఫలితాల్ని పిల్లలు నిజమని రికార్డుల్లో రాసేవారు, మేము సంతకాలు పెట్టేవాళ్లం. దీని గురించి ఒక్క ప్రొఫెసరూ మా సభలో మాట్లాడిన గుర్తు లేదు. ఒక కాలేజీ అటెండరు మాట్లాడాడు, అదీ టీ కొట్టు దగ్గర. ఎండాకాలం ప్లేట్లను నేల అంతస్తులోని స్టోరు గదికి మార్చి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి, మీద తడి గోనెపట్టా కప్పి, పెట్టెలో థర్మామీటరు ఉంచి, పూటకోసారి రాసుకుంటాడట. ఆ కాగితాలు కూడా చూపించాడు. ఆటోక్లేవ్ పాడైనప్పుడు పెద్ద ప్రెషర్ కుక్కరుతో ఎలా నెట్టుకొచ్చాడో, 15 పౌండ్ల పీడనం వచ్చాక 15 నిమిషాలు లెక్కపెట్టడానికి ముందు లోపలి గాలి మొత్తం ఎందుకు బయటికి పోనివ్వాలో నాకే పాఠం చెప్పాడు. గాలి మిగిలితే ముల్లు 15 చూపిస్తుంది, లోపల మాత్రం 121 డిగ్రీలు రావు. ఇది నేను పుస్తకం చూసి ఏళ్లుగా చెబుతున్నదే. అతను చేసి తెలుసుకున్నాడు.

ఆ తర్వాతి సభలో అటెండర్లు, ల్యాబ్ అసిస్టెంట్ల కోసం ఒక పూట కేటాయించాం. వాళ్లకు ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) ఇవ్వడానికి ఒకరిద్దరు ప్రిన్సిపాళ్లు ఒప్పుకోలేదు. వచ్చిన కొద్దిమంది చెప్పింది వినడానికి మాత్రం హాలు నిండింది.

6. భోజనం బాగా పెట్టు, శాలువాలు మానెయ్.

శాలువాలు, మెమెంటోలు, జిప్పు సరిగా పడని కిట్ బ్యాగులు. ఒక ఏడాది లెక్క చూస్తే వీటికైన ఖర్చుతో దూరం నుంచి వచ్చిన పిల్లలందరికీ బస్సు చార్జీలు ఇచ్చేయవచ్చని తేలింది. ఇచ్చాం. శాలువా లేని వేదిక మీద కూర్చోవడానికి అతిథులు త్వరగానే అలవాటు పడ్డారు. భోజనం మాత్రం తగ్గించకండి. ఉగ్గాని బజ్జీ తింటూ నిలబడినప్పుడే రీసెర్చ్ స్కాలర్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌తో ధైర్యంగా మాట్లాడతాడు.

7. సర్టిఫికెట్ కోసం వచ్చినవాడినీ కూర్చోబెట్టు.

పదోన్నతుల పాయింట్లకు సభల సర్టిఫికెట్లు అవసరమైన కాలంలో హాజరు పట్టిక నిండేది, హాలు నిండేది కాదు. సంతకం పెట్టి, భోజనం చేసి వెళ్లిపోయేవాళ్లను చూసి చాలాకాలం మండిపడ్డాను. ఒకసారి అలా వచ్చిన ఒక లెక్చరర్ వర్షం వల్ల ఆగిపోయి, ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్ నిరోధకత మీద ఉపన్యాసం మొత్తం విన్నాడు. ఇప్పుడు తన కాలేజీలో ఆ పాఠం ఆయనే బాగా చెబుతాడంటారు. కోపం తగ్గించుకున్నాను. సర్టిఫికెట్లు సాయంత్రమే ఇవ్వడం మాత్రం మానలేదు. చివరి బస్సు పట్టుకోవలసిన పిల్లలకు మినహాయింపు ఉండేది.

8. నీ కల్చర్ నీతోనే పోకూడదు.

ఇది చెప్పడం కష్టంగా ఉంది. యువతిగా ఉన్నప్పుడు ఎర్రనేలల్లోంచి ఆక్టినోమైసిట్లను వేరుచేశాను. కొన్ని ప్లేటంతా నీలం, కెంపు రంగులు పులిమేవి. పత్రాలు వచ్చాయి, పదోన్నతి వచ్చింది. కల్చర్లు స్లాంట్ల మీద ఫ్రిజ్‌లో ఉండేవి. వాటిని నెలనెలా కొత్త స్లాంట్ల మీదికి మార్చే స్కాలర్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. తర్వాతివాడికి అది తన పని కాదు. నేను సంఘం పనుల్లో, సభల్లో, ఉత్తరప్రత్యుత్తరాల్లో ఉన్నాను. ఒక వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలి రోజుల తరబడి కరెంటు లేకపోయాక ఫ్రిజ్ తెరిస్తే అగార్ ఎండి గాజుకు అంటుకుపోయి ఉంది. చండీగఢ్‌లో 1986 నుంచి జాతీయ స్థాయి కల్చర్ సేకరణ, ఎంటీసీసీ, ఉంది. పోస్టులో ఒక ప్యాకెట్టు పంపవలసింది నేను. పంపలేదు. ఇప్పుడు నా పత్రాలు ఉన్నాయి, అందులో రాసింది నిజమో కాదో మరొకరు చూడడానికి జీవి లేదు. లీవెన్‌హుక్ మాటను హుక్ పరీక్షించగలిగాడు. నా మాటను పరీక్షించే వీలు నేనే తీసేశాను.

కొత్త జాతిగా గుర్తింపు రావాలంటే రెండు వేర్వేరు దేశాల్లోని సేకరణల్లో ఆ కల్చర్‌ను దాచాలన్న నియమం ఊరికే పుట్టలేదు. హైదరాబాద్ నుంచి వదిలిన బెలూన్‌తో 20 కిలోమీటర్లకు పైన గాలిని పట్టి, అందులోంచి వేరుచేసిన బ్యాక్టీరియాలో 3 కొత్త జాతులున్నాయని 2009లో మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒకదానికి ఆర్యభటుడి పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఖగోళవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టారు. ఆకాశంలో దొరికినవి ఈరోజుకీ అడిగితే దొరుకుతాయి. మా ఊరి చేనులోవి దొరకవు.

ఇదే విషయంలో మరో అతి కూడా చూశాను. ఒక కుర్రవాడు జడ్జీలకు చూపించాలని జీవమున్న ప్లేట్లను టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. ఉత్సాహాన్ని మెచ్చుకుని, ప్లేట్లను వెంటనే ఆటోక్లేవ్‌కు పంపాను. సభకు ఫొటోలు చాలు. కల్చర్ ప్రయాణం చేయాలంటే దానికి పద్ధతిగా ప్యాకింగ్, కాగితాలు ఉన్నాయి.

9. గొప్ప పని పక్క గదిలోనే జరుగుతుండవచ్చు.

మన సభల్లో స్వాగతోపన్యాసం యల్లాప్రగడ సుబ్బారావు పేరు లేకుండా ఉండదు. ఉండవలసిందే. అయితే నేను పిల్లలకు ఎక్కువగా చెప్పింది కలకత్తా డాక్టర్ శంభునాథ్ దే గురించి. కలరా బ్యాక్టీరియా రక్తంలో చొరబడి చంపుతుందన్న ఊహలు ఇంకా తిరుగుతున్న కాలంలో, బ్యాక్టీరియాను వడపోసి తీసేసిన ద్రవం ఒక్కటే కుందేలు పేగులోకి నీళ్లు ఊరేలా చేస్తుందని ఆయన 1959లో నేచర్ పత్రికలో చూపించాడు. చంపేది విషం, అది పనిచేసేది పేగులో. ఆయనకున్న పరికరాలు చాలా సాధారణమైనవి. దేశంలో ఏ పెద్ద అకాడమీ ఆయన్ని ఫెలోగా ఎన్నుకోలేదు. 1978లో కలరా మీద జరిగిన నోబెల్ సింపోజియానికి పిలుపు వచ్చింది. నోబెల్‌కు ఆయన పేరు ప్రతిపాదించినవాడు, ఇందాక చెప్పానే, ఆ లెడర్‌బర్గ్. 1985లో దే కన్నుమూశాడు.

దూరాన ఉన్న లెడర్‌బర్గ్‌కు కనిపించినవాడు దగ్గర ఉన్నవాళ్లకు ఎందుకు కనిపించలేదో నాకు కొంత తెలుసు. ముఖ్య అతిథుల జాబితా రాసేటప్పుడు నా కలం కూడా ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్ అనే పోయేది. మా జిల్లా ఆసుపత్రి ల్యాబులో ఏళ్ల తరబడి రోజూ కల్చర్లు వేసి, ఏ యాంటీబయాటిక్ ఎప్పటినుంచి పనిచేయడం మానేసిందో రిజిస్టర్‌లో రాసుకుంటూ వచ్చిన ఒకామెను, ఆమె రిటైరయ్యే ఏడాది గానీ మాట్లాడమని పిలవలేదు.

10. సంఘం అంటే ఫోన్ నంబర్లు.

2020లో ఆర్టీపీసీఆర్ చేయగలిగినవాళ్ల కోసం జిల్లా జిల్లాలో వెతుకులాట మొదలైంది. అప్పటిదాకా మైక్రోబయాలజీ చదివితే ఏముంటుందని అడిగినవాళ్లే, ఆర్‌ఎన్‌ఏ తీయడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఫోన్లు చేశారు. మా దగ్గర సభ్యుల జాబితా ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరు ఏ సభలో దేని మీద పోస్టర్ పెట్టారో కొందరికి గుర్తుంది. మైక్రోపిపెట్ పట్టడం వచ్చిన పిల్లలు ఒకరి పేరు ఒకరు చెప్పుకుంటూ ల్యాబులకు చేరారు. పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతూ రాత్రి షిఫ్టులు చేశారు. అవసరం తీరాక చాలామంది కాంట్రాక్టులు ముగిసిపోయాయి. ఆ పిల్లల గురించి సంఘం తరఫున ఒక వినతిపత్రం రాయాలన్న ఆలోచన మాకు ఆలస్యంగా వచ్చింది, వచ్చినప్పుడు కూడా ముసాయిదా దగ్గరే ఆగింది. ఆ ముసాయిదా ఇప్పటి కార్యవర్గం దగ్గర ఉంది. మళ్లీ తీసి చూడమని అడుగుతున్నాను.

11. కుర్చీ అలవాటు కాకముందే లేచిపో.

ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ “మేడమే ఉండాలి” అనేవారు. మొహమాటంతో అంటున్నారో, పని తప్పించుకోవడానికి అంటున్నారో విడదీసి చూసుకోలేదు. వినడానికి బాగుండేది. ఫలితం ఏమిటంటే, జాబితాలు నా బీరువాలో, చందాలు ఎవరివి బాకీ ఉన్నాయో నా తలలో. మోకాలి ఆపరేషన్ చేయించుకుని నేను ఇంట్లో ఉన్న ఏడాది సభే జరగలేదు. నన్ను చూడడానికి వచ్చినవాళ్లు “మీరు లేకపోతే ఏం జరుగుతుంది మేడమ్” అని మెచ్చుకోలుగా అన్నారు. మంచం మీద పడుకుని వింటే అది మెచ్చుకోలులా వినిపించలేదు.

లేచి నడవడం మొదలుపెట్టగానే బాధ్యతలు ఒక పాత విద్యార్థికి అప్పగించాను. ఇప్పుడతను డిగ్రీ కాలేజీలో లెక్చరర్. మొదటి సమావేశంలోనే ఉత్తమ పోస్టర్ బహుమతి ఎత్తేద్దామన్నాడు. దాని బదులు ప్రతి పోస్టర్‌కూ ముగ్గురు సీనియర్లు, పేరు రాసి సంతకం పెట్టి, కాగితం మీద అభిప్రాయం రాసివ్వాలట. ఒక్కరికి కప్పు, మిగిలినవాళ్లకు ఖాళీ చేతులు ఎందుకన్నాడు. బహుమతి లేకపోతే పిల్లలు రారని నేను గట్టిగా వాదించాను. ఓటింగ్ పెట్టారు. ఓడిపోయాను.

పిల్లలు వచ్చారు. అందరితోపాటు నాకూ కొన్ని పోస్టర్లు కేటాయించారు. మొదటిదాని ముందు నిలబడి, పదేళ్లుగా అలవాటైన మాట, “బాగుంది, కృషి కొనసాగించాలి” అని రాసి సంతకం చేసి ఇచ్చాను. కొత్త కార్యదర్శి కాసేపటికి ఆ కాగితం పట్టుకుని వచ్చాడు.

“మేడమ్, ఇది తీసుకోలేం. ఏది బాగుందో, ఏది మళ్లీ చేయాలో రాయాలి. ఫారంలో ఉంది చూడండి.”

కళ్లజోడు పెట్టుకుని మళ్లీ ఆ పోస్టర్ దగ్గరికి వెళ్లాను. రెండో గ్రాఫులో కంట్రోల్ లేదు.